పెద్ద గెడ్డ, చిన్న గెడ్డ: విశాఖలో ఓరియెంటీరింగ్ వారం, రోజువారీ లెక్కలతో

చేతిలో మ్యాపు, కంపాస్ పట్టుకుని, మ్యాపులో సున్నా చుట్టిన చోట్లన్నిటికీ వరస తప్పకుండా వెళ్ళి రావడమే ఓరియెంటీరింగ్. దారి ఎవరికి వాళ్ళే వెతుక్కోవాలి. తక్కువ టైమ్‌లో తిరిగొచ్చినవాళ్ళు గెలిచినట్టు. జనవరి చివర్లో ఒక వారం ప్రాక్టీసు చేసి, ఆదివారం మాలో మేమే ఒక చిన్న పోటీ పెట్టుకున్నాం. మళ్ళీ ఎవరైనా చేయాలనుకుంటే మేం పోగొట్టుకున్న నిమిషాలు వాళ్ళకి మిగలాలని ఈ లెక్కలన్నీ రాస్తున్నాను.

దశ 0: స్థలం, మ్యాపు, జెండాలు

కంబాలకొండ అభయారణ్యం. అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా దారి వదిలి పరిగెత్తకూడదు. తొట్లకొండ మీద బౌద్ధ కట్టడాలున్నాయి, అక్కడ ఆ ఆలోచనే వద్దు. చివరికి భీమిలి రోడ్డుకి పడమటి పక్కన ఒక సరుగుడు తోట, దాని వెనక జీడితోట, ఆ వెనక ఒక మెట్ట ఉన్న చోటు దొరికింది. మొత్తం సుమారు 120 ఎకరాలు. ఇద్దరు యజమానుల దగ్గరా ముందే అనుమతి తీసుకున్నాం. రోడ్డు దాటే పని లేకుండా కోర్సు అంతా ఒకే పక్కన ఉండాలన్నది మొదటి నియమం.

మ్యాపు ఓపెన్ ఓరియెంటీరింగ్ మ్యాపర్‌లో గీశాను. ఉచితం, ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. అడవి పోటీలకి అంతర్జాతీయ ప్రమాణం 1:15,000. మా స్థలం చిన్నది కాబట్టి 1:5,000 పెట్టాను, అంటే కాగితం మీద 1 సెం.మీ. నేల మీద 50 మీటర్లు. నాలుగు ఆదివారాలు, 26 గంటలు పట్టింది.

పెద్ద తప్పు కాంటూర్లతో, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలతో, మొదలైంది. ఎత్తులకి ఉచితంగా దొరికే డేటా వాడాను. అది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచింది, 30 మీటర్ల గళ్ళలో ఉంటుంది. 8 మీటర్ల వెడల్పు గెడ్డ (వాన నీళ్ళు పారే వాగు) ఆ గళ్ళ మధ్య జారిపోయింది. పైగా రాడార్ చెట్ల తలల్ని కూడా కొంత నేలగా లెక్కేస్తుంది, అందుకని జీడితోట నడుమ లేని దిబ్బ ఒకటి పుట్టుకొచ్చింది. ఆ గీతల్ని ఆధారంగా మాత్రమే ఉంచుకుని, తోటంతా తిరిగి చేత్తో సరిదిద్దాను. అన్నీ సరిదిద్దలేదని బుధవారం తెలిసింది.

మ్యాపులో సున్నా చుట్టిన చోటుని కంట్రోల్ అంటారు, అక్కడ ఒక జెండా ఉంటుంది. కంట్రోల్ జెండాల కొలత: 30 సెం.మీ. చదరాలు మూడు, ముక్కోణంగా నిలబెట్టాలి. ప్రతి చదరం మూల నుంచి మూలకి సగం తెలుపు, సగం నారింజ. 12 జెండాలకి చేసింది ఇది:

1. 44 అంగుళాల పన్నా గుడ్డ, రంగుకి 2¼ మీటర్లు. కుట్టుకి వదిలి 33 సెం.మీ. చదరాలుగా కోసి, మళ్ళీ ఏటవాలుగా కోయాలి.
2. టైలర్‌కి నోటితో చెబితే లాభం లేదు. కాగితంతో ఒక జెండా చేసి చేతికివ్వండి. మేం ఇవ్వలేదు, మొదటి నాలుగు జెండాల్లో ఒక్కో ముఖం తిరగబడింది, విప్పి మళ్ళీ కుట్టారు.
3. పైనా కిందా ముక్కోణంగా వంచిన తీగ.
4. నంబర్లు 31 నుంచి. 1, 2, 3 అని వేస్తే కోర్సు వరసతో కలిసిపోతాయి. 66, 68, 86, 89, 98, 99 వాడకూడదు, తలకిందులుగా చదివే ప్రమాదం ఉంది.
5. జెండా దగ్గరికి వచ్చినట్టు కార్డు మీద గుర్తు వేసే పంచ్ బదులు ఒక్కో జెండాకి ఒక్కో రంగు మైనపు క్రేయాన్ దారంతో కట్టాం. కార్డు మీద ఆ రంగుతో గీత గీయాలి. పెన్ను పనికిరాదు, చెమటకి అలుక్కుపోతుంది.

*ఖర్చు: గుడ్డ ₹405, కుట్టుకూలి ₹360, తీగ, తాడు ₹140, క్రేయాన్లు ₹60, కంపాస్‌లు మూడు ₹1,350. మొత్తం ₹2,315.*

కంపాస్ గురించి ఒక మాట. ఒక మిత్రుడు యూరప్ నుంచి తెచ్చిన పాత కంపాస్ ఇచ్చాడు. ఇక్కడ దాని ముల్లు దక్షిణం కొస కిందికి వంగి పెట్టె అడుగుని రాసుకుంటోంది. అయస్కాంత రేఖలు భూమిలోకి వంగే కోణం ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటుంది, ముల్లుని ఆ ప్రాంతానికి తగ్గట్టు తూచి తయారుచేస్తారు. కొనేటప్పుడు కంపాస్‌ని అరచేతిలో సమంగా పట్టుకుని ముల్లు స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చూడండి. అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య తేడా విశాఖలో ఒక డిగ్రీ లోపే, 400 మీటర్లకి 7 మీటర్లు కూడా కాదు. దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

దశ 1: సోమవారం, అడుగుల లెక్క

పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపే వేళ, 30 మీటర్ల టేపుతో 100 మీటర్లు కొలిచి సుద్దతో గుర్తు పెట్టాను. ఎడమ కాలు నేలని తాకిన ప్రతిసారీ ఒకటి అని లెక్క. మూడుసార్లు పరిగెత్తి సగటు తీశాను. సాయంత్రం తోటలో అదే కొలత.

తారురోడ్డు మీద 42. సరుగుడు ఆకు మెత్తగా పరుచుకున్న ఇసుకలో 46. జీడితోటలో, కొమ్మల కింద వంగుతూ వెళ్తే 54. మెట్ట ఎక్కుతూ నడిస్తే 68.

రోడ్డు లెక్కని నమ్ముకుని జీడితోటలోకి వెళ్ళినవాడు 100 మీటర్లు అనుకుని 78 మీటర్ల దగ్గరే ఆగిపోతాడు. ఈ నాలుగు అంకెలూ స్కెచ్ పెన్నుతో కంపాస్ వెనక రాసుకున్నాను.

*ఇప్పటివరకు: 5.2 కి.మీ. పోయిన టైమ్ 0.*

దశ 2: మంగళవారం, తిన్నగా వెళ్ళడం

సరుగుడు తోటలో చెట్లన్నీ ఒకేలా, వరసల్లో ఉంటాయి. కంపాస్ నమ్మి నడవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఒక్కోటి 400 మీటర్లు ఉండే ఆరు గీతలు పెట్టుకున్నాను, ప్రతి కొసనా ఒక జెండా.

మొదటి మూడింటిలోనూ జెండాకి ఎడమగా తేలాను, ఇంచుమించు 35 మీటర్లు. ఒకసారైతే కాలి తప్పు అనుకోవచ్చు. మూడుసార్లూ ఒకే పక్కకి అంటే అది పరికరం తప్పే. ఒక బండ మీద కంపాస్ పెట్టి, ఛాతీ పౌచ్‌లో ఉన్న ఫోన్ తీసి దగ్గరికి తెచ్చి చూశాను. ఫోన్ కవరుకి అయస్కాంతం మూత ఉంది.

10 సెం.మీ. దూరంలో ముల్లు 22 డిగ్రీలు తిరిగింది. 20 సెం.మీ. దగ్గర 5. 30 సెం.మీ. దాటాక కదల్లేదు. కంపాస్‌ని నేను ఛాతీ ముందు పట్టుకునే దూరం సరిగ్గా 20 సెం.మీ. 400 మీటర్లకి 5 డిగ్రీలంటే 35 మీటర్లు. ఫోన్ నడుం వెనక సంచిలోకి పోయింది.

నాలుగో గీత నుంచి పక్కకి పోవడం తగ్గింది. కానీ ఇప్పుడు ముందే ఆగిపోతున్నాను. 400 మీటర్లకి 184 లెక్కపెట్టాలి. కాగితం మీద స్కేలుతో కొలిస్తే 384 మీటర్లే వస్తోంది, దానికి 177. ఆ 16 మీటర్లు ఎక్కడికి పోయాయి? ఇంటికి వచ్చి మ్యాపు అంచున గీసిన 10 సెం.మీ. గీతని రూలర్‌తో కొలిస్తే 9.6 సెం.మీ. ఉంది. డీటీపీ సెంటర్‌లో ప్రింట్ ఇచ్చేటప్పుడు ‘ఫిట్ టు పేజీ’ మీద టిక్కు ఉండిపోయింది. ఆ టిక్కు నేనే చూసుకోవాలి, కౌంటర్ దగ్గర నిలబడి కూడా చూడలేదు.

మార్చినవి:

1. ప్రతి మ్యాపు అంచునా 10 సెం.మీ. గీత ఉండాలి. డబ్బులిచ్చే ముందు అక్కడే రూలర్‌తో కొలవాలి.
2. ప్రింట్ సెట్టింగ్‌లో 100 శాతం లేదా ‘యాక్చువల్ సైజ్’.
3. లేజర్ ప్రింటే తీసుకోవాలి. ఇంక్‌జెట్ మ్యాపు మన ఉక్కపోతకి అరగంటలో ఆకుపచ్చ మరకైపోతుంది. పైన జిప్ కవరు తప్పనిసరి.

*ఇప్పటివరకు: 11.3 కి.మీ. పోయిన టైమ్ 9 ని. 30 సె. ఖర్చు ₹2,535 (రెండుసార్ల ప్రింట్లు, కవర్లు ₹220).*

దశ 3: బుధవారం, కాంటూర్లు మాత్రమే

ఈ రోజు గురించి వివరంగా రాయాలి. వారం మొత్తంలో ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే.

మ్యాపర్‌లో దారులు, కంచెలు, పచ్చరంగు అన్నీ దాచేసి గోధుమరంగు గీతలు మాత్రమే ప్రింట్ తీశాను. నేల ఆకారం చదవడానికి ఇంతకంటే మంచి ప్రాక్టీసు లేదు. పరిగెత్తుతూ చూసినవన్నీ పైకి చెప్పుకోవడం మా పద్ధతి: దిబ్బ, కనుమ, గొయ్యి, గెడ్డ, గట్టు. పుస్తకాల్లోని ఇంగ్లీషు పేర్లు వాడినప్పుడు నేలకీ నోటికీ మధ్య అరక్షణం ఆలస్యమయ్యేది. గట్టు అనగానే కాలికి అందుతుంది.

మూడో కంట్రోల్ నుంచి నాలుగోది 310 మీటర్లు. మెట్ట తూర్పు వాలులో, ఒక గెడ్డ మొదట్లో. నేను మ్యాపు మీద ఒక చూపు వేసి, ‘గెడ్డలో దిగితే అదే తగులుతుంది’ అనుకుని బయలుదేరిపోయాను. 160 మీటర్ల తర్వాత గెడ్డ వచ్చింది. దూరం ఇంకా సగమే అయింది కదా అన్న అనుమానం వచ్చింది, కానీ ‘లెక్క తప్పి ఉంటాను’ అని దాన్ని నొక్కేశాను. గెడ్డ ఉంది, మొదట్లో ఒక బండ ఉంది, రెండు పక్కలా వాలు ఉంది. చూడాలనుకున్నవన్నీ కనబడుతున్నాయి, జెండా ఒక్కటే లేదు.

పైకి వెళ్ళాను, కిందికి వచ్చాను. తుప్పల్లో చేతులు పెట్టి వెతికాను. మోచేతి నుంచి మణికట్టు దాకా లాంటానా ముళ్ళు గీసుకుపోయాయి. జీడితోట కాపలా ఉండే పెద్దాయన కర్రతో వచ్చి కొంచెంసేపు నిలబడి చూశారు.

“ఏటి బాబూ, ఆవేటైనా తప్పిపోనాదా?”

“లేదు తాతా. ఒక జెండా కట్టాం, పెద్ద గెడ్డ మొదట్లో.”

“ఇది సిన్న గెడ్డ కదేటి. పెద్ద గెడ్డ ఆ మెట్టముక్కుకి అవతలుంది.”

అక్కడికి వెళ్ళేసరికి ఈ ఒక్క కంట్రోల్ దగ్గరే 14 నిమిషాల 10 సెకన్లు పోయాయి. పక్కపక్కనే ఒకేలా ఉన్న రెండు చోట్లలో ఒకదాన్ని ఇంకొకటి అనుకోవడం ఈ ఆటలో పాత తప్పే. చూసిన ప్రతిదాన్నీ మనం అనుకున్నదానికి సరిపెట్టేసుకుంటాం. బండ కనిపిస్తే ‘అదిగో బండ’ అంటాం, అది మ్యాపులో ఉందో లేదో చూడం. నా మ్యాపులో పెద్ద గెడ్డ మొదట్లో బండే లేదు.

రాత్రి వదినకి మ్యాపు చూపించాను. స్కూల్లో లెక్కలు చెబుతారు, మా కోర్సులన్నీ వేసేది తనే. మ్యాపు కంటే ముందు వాచీ అడిగి, టైములు చూసి, “జెండా దగ్గర ఎంతసేపు ఆగావో అసలు కొలిచావా?” అన్నారు. కొలిచాను, కానీ చూసుకోలేదు. జెండా తాకగానే ఒకసారి, కదిలేటప్పుడు ఇంకోసారి ల్యాప్ బటన్ నొక్కడం నా అలవాటు. ఆ రోజు సగటు ఆగింది 5 సెకన్లు. “అయిదు సెకన్లలో మ్యాపు మడవడానికే టైమ్ చాలదు, దారి ఎప్పుడు చూశావు?” అన్నారు.

మార్చినవి:

1. జెండా దగ్గర నుంచి కదిలే ముందు తర్వాతి జెండాకి 100 మీటర్ల లోపల, తప్పకుండా గుర్తుపట్టగల ఒక చోటు ఎంచుకోవాలి. అటాక్ పాయింట్ అంటారు. దాని పేరు పైకి చెప్పాకే కాలు కదపాలి.
2. గెడ్డలో దిగే ముందు అది ఏ దిక్కుకి పారుతోందో కంపాస్‌తో చూడాలి. పెద్ద గెడ్డ 140 డిగ్రీలకి పారుతుంది, చిన్న గెడ్డ 95కి. 45 డిగ్రీల తేడా, ఒక్క చూపు చాలు.
3. దూరం సరిపోవడం లేదని అనుమానం వస్తే లెక్కనే నమ్మాలి.
4. ‘ఇక్కడ ఉండాల్సినది ఏది లేదు?’ అని మనల్ని మనమే అడగాలి. ఉన్నవాటి గురించి కళ్ళు ఎలాగూ చెబుతాయి.

మిగతా 8 నిమిషాల 30 సెకన్లు తుప్పల్లో, మెట్ట ఎక్కడంలో చిన్నచిన్నగా పోయాయి. రెండు గెడ్డలకీ మ్యాపులో పేర్లు రాశాను.

*ఇప్పటివరకు: 18.7 కి.మీ. పోయిన టైమ్ 32 ని. 10 సె.*

దశ 4: గురువారం, స్ప్రింట్

స్ప్రింట్ అంటే భవనాల మధ్య పెట్టే చిన్న, వేగమైన కోర్సు. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో ఒక కాలేజీ ఆవరణ, అనుమతితో. 1:4,000 మ్యాపు. స్ప్రింట్ మ్యాపులో మందపాటి నల్లగీత అంటే దాటకూడని గోడ. ఎక్కగలిగినా ఎక్కకూడదు, ఎక్కితే డిస్‌క్వాలిఫై. నేను దాన్ని మామూలు గోడ గీత అనుకుని తిన్నగా వెళ్ళి, దాని ముందు నిలబడి, వెనక్కి చుట్టు తిరిగి వచ్చాను. 3 నిమిషాల 20 సెకన్లు. మందం తేడా చూడటానికి మ్యాపు కళ్ళకి దగ్గరగా పెట్టుకోవాలి, అంతే.

*ఇప్పటివరకు: 23 కి.మీ. పోయిన టైమ్ 35 ని. 30 సె. ఖర్చు ₹2,575 (ప్రింట్లు ₹40).*

దశ 5: శుక్రవారం, శనివారం

శుక్రవారం విశ్రాంతి. పాదాల్లో ముళ్ళు తీసుకోవడం, కాటన్ ప్యాంటు పక్కన పెట్టి చీలమండ దాకా ఉండే గట్టి ప్యాంటు, పొడుగుచేతుల చొక్కా తీసుకోవడం. పొట్టి నిక్కర్లు రోడ్డు పరుగుకే. పాముల భయం ఉన్నచోట మేజోళ్ళ మీద మందపాటి గుడ్డ పట్టీ చుట్టుకోండి.

శనివారం వదిన ఏడు కంట్రోళ్ళతో ట్రయల్ పెట్టారు. ఐదో జెండా దగ్గర తీగ లేదు, క్రేయాన్ లేదు, జెండా లేదు. మేకలు కాసే పిల్లలు పట్టుకెళ్ళారు, సాయంత్రం వాళ్ళే తెచ్చిచ్చారు. ఇది వెతికిన 6 నిమిషాలు నా తప్పుల లెక్కలో వేయలేదు. నాలుగోది మాత్రం నాదే. మళ్ళీ 6 సెకన్లు ఆగి బయలుదేరాను, 5 నిమిషాల 10 సెకన్లు పోయాయి.

జెండాల విషయంలో చేసిన మార్పు: ముందురోజు ఊళ్ళోకి వెళ్ళి, పిల్లలకి ఒక జెండా చేతికిచ్చి ఆట చెప్పి, ఆదివారం ముగింపు దగ్గరికి రమ్మన్నాం. పోటీరోజు తెల్లవారుజామునే జెండాలు కట్టాం. ఆదివారం ఒక్కటీ పోలేదు.

*ఇప్పటివరకు: 28 కి.మీ. పోయిన టైమ్ 40 ని. 40 సె. ఖర్చు ₹2,615 (ప్రింట్లు ₹40).*

దశ 6: ఆదివారం, పోటీ

పదిమందిమి: ఒంటరిగా నలుగురు, జంటలుగా ఆరుగురు. నాలుగేసి నిమిషాల తేడాతో వదిలారు. కోర్సు తిన్నగా కొలిస్తే 4.2 కి.మీ., 9 కంట్రోళ్ళు, మొత్తం ఎక్కాల్సిన ఎత్తు 110 మీటర్లు. కంపాస్‌లు చాలక ట్రెక్కింగ్ మిత్రుల దగ్గర నాలుగు అరువు తెచ్చాం.

అందరికీ చెప్పినవి మూడే. మెడలో విజిల్ ఉండాలి. 9 గంటలకి ఎక్కడున్నా ఆపేసి రావాలి. దారి పూర్తిగా తప్పితే కంపాస్ మీద ఆగ్నేయం పట్టుకుని నడవాలి, భీమిలి రోడ్డు తగులుతుంది, దాని అవతల సముద్రమే.

నా టైములు, కంట్రోల్ వరసలో:

1: 4:10
2: 5:25
3: 3:40
4: 9:15 (పోయింది 3:30)
5: 4:05
6: 6:50 (పోయింది 1:20)
7: 3:30
8: 10:05 (పోయింది 3:00)
9: 4:45
ముగింపు: 2:35
మొత్తం 54:20

బావ 49:05తో మొదట వచ్చాడు. నాది రెండో స్థానం. పరిగెత్తడంలో బావ నాకంటే నెమ్మది, బీచ్ రోడ్డులో ఎప్పుడూ నా వెనకే ఉంటాడు. ఇక్కడ ఒక్క జెండా దగ్గర కూడా వెతకలేదు.

ల్యాప్ టైములు చూస్తే విషయం బయటపడింది. నాలుగు, ఎనిమిది తప్ప మిగతావాటికి బయలుదేరే ముందు సగటున 14 సెకన్లు ఆగాను. నాలుగుకి ముందు ఆగింది 4 సెకన్లు, వెనక ఒక జంట వస్తున్న చప్పుడు విని పరిగెత్తాను. ఎనిమిదికి ముందు 6. ఆరులో పోయిన 1:20 తుప్పలు తప్పించుకోవడానికి, అది నేల వల్ల.

ఎనిమిదోది ఇంకొంచెం చెప్పాలి. జీడితోట మధ్యలో చిన్న గొయ్యి. చుట్టూ 100 మీటర్లలో అటాక్ పాయింట్ అనదగింది మ్యాపులో ఏమీ లేదు. నేలమీద ఉంది: కాపలా తాత పాక. గొయ్యికి 60 మీటర్ల దూరం. మ్యాపు గీసేటప్పుడు తాటాకు పాక కదా, వచ్చే ఏడాదికి ఉంటుందో ఉండదో అని వదిలేశాను. పరిగెత్తుతూ దాని పక్కనుంచే వెళ్ళాను. మ్యాపులో లేదు కాబట్టి కంటికి కనబడినా లెక్కలోకి రాలేదు.

*వారం మొత్తం: 33.6 కి.మీ. పోయిన టైమ్ 48 ని. 30 సె. ఖర్చు ₹3,575 (ఆదివారం మ్యాపులు ₹120, కార్డులు ₹20, మందుల పెట్టె ₹180, అరటిపళ్ళు, మజ్జిగ, నీళ్ళు ₹640).*

ఆ 48:30లో ఫోను, ప్రింటు తిన్నది 9:30. గోడ 3:20. తుప్పలు, ఎక్కుళ్ళు 9:50. మిగిలిన 25:50 మొత్తం అటాక్ పాయింట్ చూసుకోకుండా బయలుదేరిన నాలుగుసార్లలో పోయింది. ఆ నాలుగుసార్లూ నేను ఆగి చూసినది కలిపితే 21 సెకన్లు.

తర్వాత: సోమవారం సాయంత్రం

జెండాలు విప్పి లెక్కచూశాం, పన్నెండూ ఉన్నాయి. సరిచేసిన మ్యాపు ప్రింట్ తీసుకుని తాత దగ్గరికి వెళ్ళాను. అంచున గీత కొలిచాను, 10 సెం.మీ. సరిగ్గా ఉంది. పాకని చిన్న నల్ల చదరంగా పెట్టాను. తాత మ్యాపుని తిప్పి తిప్పి చూసి, ముందు తన పాక ఎక్కడుందో వేలితో చూపించమన్నారు. తర్వాత చిన్న గెడ్డ మీద వేలు పెట్టి, కిందికి జరిపి, ఆగారు.

“ఈ గెడ్డ ఇక్కడితో ఆగిపోదు బాబూ. వానాకాలం ఆ తాడిచెట్టు కాడ పెద్ద గెడ్డలో కలుస్తాది.”

కలిసేచోటు వరకూ నేను ఎప్పుడూ దిగలేదు. ఇద్దరం నడిచి చూశాం. పాక నుంచి నా లెక్కలో 131, దిగుడు కాబట్టి సుమారు 200 మీటర్లు. మిగిలిన గీత అక్కడే పెన్సిల్‌తో గీశాను.